మందులకు లొంగని మూర్ఛకు కీటో చికిత్స ఉందని ముందే చెప్పాలి

సంపాదకులకు,

నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో కీటో ఆహారం, అంటే పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా పెట్టే ఆహారం గురించి వచ్చే వ్యాసాలను శ్రద్ధగా చదువుతుంటాను. బరువు ఎంత తగ్గుతారు, ఎన్నాళ్లు పాటించవచ్చు, ఎవరెవరు దానితో సన్నబడ్డారు అన్న విషయాలే వాటిలో ఎక్కువగా కనిపిస్తాయి. అదే ఆహారాన్ని వైద్యులు నూరేళ్లుగా మూర్ఛకు చికిత్సగా వాడుతున్నారన్న సంగతి ఎప్పుడైనా ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. మందులకు లొంగని మూర్ఛతో బాధపడే బిడ్డను పెంచుతున్న తల్లిగా, ఆ ఒక్క వాక్యాన్ని విప్పి చెప్పమని మిమ్మల్ని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, వైద్యం కోసం అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి రాత్రి బస్సెక్కి ఈ ఊరికి వచ్చే కుటుంబాలకూ ఈ సమాచారం తెలుగులో దొరకడం చాలా అవసరం.

మూర్ఛ ఉన్నవారిలో ఎక్కువమందికి మందులతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయన్నది మొదట చెప్పుకోవలసిన మంచి మాట. అయితే సుమారు మూడో వంతు మందికి అలా జరగదు. 2000లో గ్లాస్గో వైద్యులు ప్రచురించిన పరిశీలనలో, కొత్తగా చికిత్స మొదలుపెట్టినవారిలో మొదటి మందుతో 47 శాతం మందికి, రెండో మందుతో మరో 13 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి. మూడో మందు ఇచ్చినా, రెండు మందులు కలిపి ఇచ్చినా అదనంగా మేలు పొందినవారు 4 శాతమే. సరిగ్గా ఎంచుకుని సరైన మోతాదులో వాడిన రెండు మందులు పనిచేయకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా గుర్తించాలని అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం 2010లో నిర్వచించడానికి ఇలాంటి అనుభవమే ఆధారం. రెండో మందు విఫలమైన రోజునే శస్త్రచికిత్స కుదురుతుందా, ఆహార చికిత్స పనికొస్తుందా అన్న ఆలోచన మొదలుకావాలని దీని అర్థం. మన దగ్గర మాత్రం మూడో మందు, నాలుగో మందు, ఐదో మందు వరసగా రాస్తూ పోతారు, బిడ్డ మగతగా, మందకొడిగా తయారవుతుంది, బడిలో వెనకబడుతుంది, అన్నీ అయిపోయిన తరువాత, ఇక చేసేదేమీ లేదనుకునే దశలో ఎవరో డైట్ గురించి చెబుతారు. మాకూ అలాగే జరిగింది. ఆసుపత్రుల వెయిటింగు హాళ్లలో నేను మాట్లాడిన తల్లుల్లో చాలామందికి కూడా అలాగే జరిగింది. నా అభ్యంతరం ఈ ఆలస్యం మీదే.

ఇది నిన్నమొన్న పుట్టిన పద్ధతి కాదు. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని ప్రాచీన కాలం నుంచీ గమనించారు. ఉపవాసంలో శరీరం కొవ్వును కరిగించి, శక్తినిచ్చే కీటోన్లు అనే పదార్థాలను తయారు చేసుకుంటుంది. మనిషిని పస్తుంచకుండానే, ఆహారం ద్వారా అదే స్థితిని తేవచ్చని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించి, దానికి కీటోజెనిక్ డైట్ అని పేరు పెట్టారు. 1938లో ఫెనిటోయిన్ అనే మూర్ఛ మందు వచ్చాక మాత్ర మింగడం తేలికని ఈ ఆహారం వెనక్కి పోయింది. 1990లలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుల కృషితోనూ, బాగుపడిన పిల్లల తల్లిదండ్రుల పట్టుదలతోనూ మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఆధారాలేవని అడిగేవారికి ఇప్పుడు గట్టి సమాధానమే ఉంది. 2008లో లండన్ వైద్యులు 145 మంది పిల్లలను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసిన పరీక్షలో, మూడు నెలల తరువాత ఆహార చికిత్స పొందినవారిలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గగా, పొందనివారిలో 6 శాతం మందికే తగ్గాయి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 102 మంది భారతీయ పిల్లలతో చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో ఈ లెక్క 52 శాతం, 11.5 శాతంగా తేలింది. ఈ రెండో పరీక్ష నాకు మరీ విలువైనదిగా తోస్తుంది. చపాతీ, పప్పు, అన్నం తినే ఇళ్ల పిల్లలకు ఈ చికిత్స కుదరదు అనేవారికి అది మన దేశం ఇచ్చిన జవాబు.

అసలు కష్టం వంటింట్లోనే ఉంటుంది. మన భోజనం అన్నం చుట్టూ అల్లుకున్నది. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మాడిఫైడ్ అట్కిన్స్ అనే కాస్త సడలించిన పద్ధతిలోనే రోజు మొత్తానికి అనుమతించేది 10 నుంచి 20 గ్రాములు. అన్నం బదులు రాగి సంకటి పెడితే సరిపోతుందనుకునేవారు మా వైపు చాలామంది ఉన్నారు. రాగి పిండిలో సుమారు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. కొర్రలూ సామలూ అంతే. కందిపప్పులో కూడా సగానికి పైగా పిండిపదార్థమే కాబట్టి పప్పన్నంలో అన్నం తీసేసి పప్పు ఒక్కటే పెట్టినా లెక్క తప్పుతుంది. ఒంటికి మంచిదని మనం నమ్మే తిండికీ ఈ చికిత్సకు పనికొచ్చే తిండికీ సంబంధం లేదని ఇంట్లో అందరూ ఒప్పుకోవడానికే మాకు ఎక్కువ కాలం పట్టింది.

క్లాసిక్ పద్ధతిలో నాలుగు గ్రాముల కొవ్వుకు ఒక గ్రాము మాంసకృత్తులూ పిండిపదార్థమూ కలిపి ఇస్తారు. అలా ఇస్తే రోజు శక్తిలో 90 శాతం కొవ్వు నుంచే వస్తుంది. మా పాపకు మూడుకు ఒకటి చొప్పున మొదలుపెట్టారు. మా వంటింటి గట్టు మీద గ్రాములు చూపే చిన్న డిజిటల్ కాటా ఎప్పుడూ ఉంటుంది. గుడ్డు పగలగొట్టి గిన్నెలో పోసి తూస్తాను. చార్టులో రాసినంత వెన్న వేసి పొరటు చేస్తాను. తురిమిన పచ్చికొబ్బరి, మెంతికూర, వేయించిన పల్లీల పొడి అన్నీ ఆ కాటా దాటుకునే పళ్లెంలోకి వస్తాయి. పళ్లెం అంచుకు అంటుకున్న నెయ్యి కూడా లెక్కలోదే కాబట్టి రబ్బరు గరిటెతో గీకి చివరి ముద్దలో కలిపి పెట్టాలి. ఆ నెయ్యి వదిలేస్తే నిష్పత్తి మారిపోతుంది. ఖరీదైన దిగుమతి పొడులు కొంటేనే ఈ చికిత్స సాధ్యమన్న అపోహ ఒకటి ఉంది. పాలు తప్ప తాగలేని పసిపిల్లలకూ, గొట్టం ద్వారా ఆహారం ఇవ్వాల్సినవారికీ ఆ పొడుల అవసరం ఉంటుంది. నమిలి తినగలిగే పిల్లలకు నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరి, పల్లీలు, గుడ్లు, పనీరు, ఆకుకూరలతో మన వంటింట్లోనే చాలావరకు గడుస్తుంది. గోంగూర పచ్చడిలో నువ్వుల నూనె మరికొంచెం పోయడానికి ఆంధ్ర ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పరు.

చార్టు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాకు మొదట ఇచ్చిన చార్టు ఇంగ్లిషులో ఉంది. అందులోని వంటల్లో సగం మేము ఎన్నడూ వండనివి. నేను చదువుకున్నదాన్ని కాబట్టి డైటీషియన్ దగ్గర కూర్చుని మన కూరగాయలకు మార్చి రాయించుకోగలిగాను. మా పక్క బెంచీ మీద కూర్చున్న పులివెందుల వైపు తల్లికి ఆ వెసులుబాటు లేదు. ఆమె ఆ కాగితాన్ని మడిచి ఫైలులో పెట్టుకుని, "అన్నం మానిపిస్తే బిడ్డ బతుకుతాదా అమ్మా?" అని నన్నడిగింది. ఆ ప్రశ్నకు డైటీషియన్ ఆమె భాషలో, ఆమె వండే వంటల పేర్లతో తీరిగ్గా సమాధానం చెప్పగలిగితే ఆ చికిత్స మొదలవుతుంది. లేకపోతే ఆ ఫైలులోనే ఆగిపోతుంది.

అలాగని ఈ ఉత్తరం చదివి ఎవరూ రేపటి నుంచే ఇంట్లో మొదలుపెట్టకూడదని చేతులెత్తి వేడుకుంటున్నాను. యూట్యూబు వీడియోలు చూసి బిడ్డకు అన్నం మానిపించడం ప్రాణాపాయం కావచ్చు. ఈ ఆహారం పడని, పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు కొన్ని ఉన్నాయి. కార్నిటిన్ లోపం, కొవ్వు ఆమ్లాలు విచ్ఛిన్నం కాని లోపాలు, పైరువేట్ కార్బాక్సిలేజ్ లోపం, పోర్ఫైరియా అలాంటివి. అవి ఉన్న బిడ్డకు ఈ ఆహారం పెడితే పరిస్థితి విషమిస్తుంది. అందుకే ముందుగా రక్త, మూత్ర పరీక్షలు చేస్తారు. మొదలుపెట్టిన తొలి రోజుల్లో రక్తంలో చక్కెర పడిపోవడం, వాంతులు, నీరసం ఉండవచ్చు. తరువాతి నెలల్లో మలబద్ధకం, కొలెస్టరాల్ పెరగడం, మూత్రపిండాల్లో రాళ్లు, ఎముకలు బలహీనపడటం, ఎదుగుదల మందగించడం వంటివి కనిపెట్టి చూసుకోవాలి. కాల్షియం, విటమిన్ డి, చక్కెర లేని మల్టీవిటమిన్ తప్పనిసరిగా ఇస్తారు. మూర్ఛ మందులను సొంతంగా ఆపడం అన్నిటికంటే ప్రమాదం. ఆహారం పనిచేస్తోందని తేలాక, ఏ మందును ఎప్పుడు ఎంత తగ్గించాలో న్యూరాలజిస్టే నిర్ణయించాలి.

చక్కెర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో చికిత్స తెలియకుండానే దెబ్బతినేది ఇక్కడే. బిడ్డకు జ్వరం వస్తే మనం ఇచ్చే తీపి సిరప్పుల్లో చక్కెర ఉంటుంది. నేను కొన్న సీసాల్లో ఎంత ఉందో ఏ సీసా మీదా రాసి లేదు. మాత్రలను పొడి చేసి ఇవ్వడమే మేలని డైటీషియన్ మాకు నేర్పారు. అయితే కొన్ని మాత్రలను పొడి చేయకూడదు కాబట్టి ప్రతిసారీ డాక్టరును గానీ ఫార్మసిస్టును గానీ అడగాలి. ఒకసారి జ్వరంతో పాపను దగ్గర్లోని ఒక క్లినిక్‌కు తీసుకువెళితే, వద్దని చెబుతున్నా వినకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కించారు. కీటోన్లు పడిపోయి ఆ రాత్రే ఫిట్స్ తిరిగి వచ్చాయి. అప్పటి నుంచి, ఈ బిడ్డ కీటో చికిత్సలో ఉందనీ, రక్తంలో చక్కెర పడిపోయినట్టు పరీక్షలో తేలితే తప్ప గ్లూకోజ్ ఎక్కించవద్దనీ మా న్యూరాలజిస్టు సంతకం చేసిన చీటీ పాప స్కూలు బ్యాగులో ఒకటి, నా పర్సులో ఒకటి ఉంటున్నాయి. ఔషధ సంస్థలు పిల్లల సిరప్పుల మీద చక్కెర ఎంతుందో గ్రాముల్లో ముద్రించేలా ప్రభుత్వం నిబంధన పెడితే మధుమేహం ఉన్న పిల్లలకూ మేలు జరుగుతుంది.

బంధువుల సంగతి సున్నితమైనది. ప్రేమతో పెట్టేవారిని ఎలా కాదంటాం? ఊరికి వెళితే మా అత్తమ్మ, పండగకు చక్కెర పొంగలి చేసి, "దేవుడి ప్రసాదం కదా, ఒక్క చెంచా పెడితే ఏమవుతుంది?" అనేవారు. ఆమెను ఒకసారి మాతో బెంగళూరు ఆసుపత్రికి తీసుకువచ్చి డైటీషియన్ ఎదుట కూర్చోబెట్టాం. కీటోన్ స్ట్రిప్ రంగు మారడం ఆమె తన కళ్లతో చూశారు. ఇప్పుడు మా ఇంట్లో మనవరాలి చేతిలో ఎవరైనా బిస్కట్టు పెట్టబోతే ముందు అడ్డుపడేది ఆమే. బడిలో పుట్టినరోజు చాక్లెట్లు పంచే రోజున పాప చేతికి ఇవ్వడానికి బొమ్మ స్టిక్కర్లు టీచరమ్మ తన డెస్కులో పెట్టుకున్నారు. ఈ ఇద్దరి సహకారం లేకుంటే మేము నెల కూడా నెగ్గుకొచ్చేవాళ్లం కాదు. ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళాల గుత్తి పెట్టే అలవాటు ఇంకా ఉన్న మన సమాజంలో, పక్కకు తిప్పి పడుకోబెట్టి నోట్లో ఏదీ పెట్టకుండా ఉండాలని తెలిసిన టీచరు దొరకడం మా అదృష్టం.

ఫలితం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. మా పాపకు నిలబడ్డచోటే కూలిపోయే రకం ఫిట్స్ వచ్చేవి; గడ్డం కింద కుట్ల మచ్చలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. హెల్మెట్ లేకుండా బడికి పంపేవాళ్లం కాదు. ఆహారం మొదలుపెట్టాక ఆ పడిపోవడాలు చాలావరకు ఆగిపోయాయి, ఒక మందు పూర్తిగా తీసేశారు, పాటలు మళ్లీ గుర్తుపెట్టుకుంటోంది. ఫిట్స్ పూర్తిగా పోలేదు. ఈ చికిత్స తీసుకున్న పిల్లల్లో సుమారు సగం మందికి పెద్దగా మేలు కలగకపోవచ్చని పైన చెప్పిన పరీక్షలే చూపిస్తున్నాయి. కనీసం మూడు నెలలు శ్రద్ధగా చేసి చూసి, ఫలితం లేకపోతే వైద్యుల సలహాతో ఆపేయవచ్చు. ఫలితం ఉంటే సాధారణంగా రెండేళ్ల పాటు కొనసాగించి నెమ్మదిగా మామూలు భోజనానికి తెస్తారు. మెదడులో ఒకే చోట మచ్చ లాంటి లోపం వల్ల ఫిట్స్ వచ్చేవారికి శస్త్రచికిత్స ఇంతకంటే మంచి ఫలితాన్నివ్వగలదు కాబట్టి ఆ పరీక్షలను ముందు చేయించుకోవాలి. దీనికి భిన్నంగా, మెదడుకు గ్లూకోజ్ సరిగా అందని గ్లట్ 1 లోపంలో మాత్రం ఈ ఆహారమే మొదటి చికిత్స; అక్కడ ఇతర మందులన్నీ విఫలమయ్యేదాకా ఆగడం బిడ్డకు అన్యాయం చేయడమే. పసిపిల్లల్లో వచ్చే వెస్ట్ సిండ్రోమ్, డ్రావే సిండ్రోమ్ వంటి తీవ్రమైన మూర్ఛ రకాల్లోనూ ఇది బాగా పనిచేస్తుందని గుర్తించారు.

పెద్దవారి మాట కూడా మరచిపోకూడదు. ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో ఉద్యోగం చేసుకుంటూ ఫిట్స్‌తో సతమతమయ్యేవారికి తూకాలు తక్కువగా ఉండే మాడిఫైడ్ అట్కిన్స్ పద్ధతిని వాడుతున్నారు. నిలకడగా పాటించడమే వారికి పెద్ద పరీక్ష. పిండిపదార్థాల్లో నెమ్మదిగా అరిగేవాటిని మాత్రమే పరిమితంగా ఇచ్చే మరో పద్ధతి కూడా ఉంది. ఎయిమ్స్ వైద్యులే 170 మంది పిల్లల్లో మూడు పద్ధతులనూ పోల్చి 2020లో ప్రచురించిన పరీక్షలో ఆరు నెలల దగ్గర ఫిట్స్ తగ్గుదల మధ్య విలువ క్లాసిక్ పద్ధతిలో 66 శాతం, మాడిఫైడ్ అట్కిన్స్‌లో 45 శాతం, ఈ మూడో పద్ధతిలో 54 శాతంగా ఉంది. దుష్ప్రభావాలు మూడో పద్ధతిలోనే తక్కువ. గంటల తరబడి తూకాలు వేయలేని, కూలికి వెళ్లే తల్లికి ఈ మూడో దారి ఉందని చెప్పేవారు కావాలి.

ఆ చెప్పేవారే మనకు కరువు. న్యూరాలజిస్టు పది నిమిషాల్లో మందు రాయగలరు. ఆహార చికిత్సకు ఒక డైటీషియన్ ఒక కుటుంబంతో గంటల కొద్దీ కూర్చోవాలి, ఫోనులో అందుబాటులో ఉండాలి, బిడ్డ బరువు పెరిగినప్పుడల్లా లెక్క మార్చాలి. అందుకే కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలను నేను కోరేది యంత్రాలూ భవనాలూ కాదు. పిల్లల న్యూరాలజీ విభాగం ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ చికిత్సలో శిక్షణ పొందిన ఒక డైటీషియన్ పోస్టు మంజూరు చేయండి. కీటోన్ స్ట్రిప్పులు, గ్రాముల కాటా, విటమిన్ మాత్రలు పేద కుటుంబాలకు ఉచితంగా ఇవ్వండి. ఆరోగ్య పథకాల్లో ఆపరేషన్‌కు చోటు ఉన్నట్టే డైటీషియన్ సలహాకూ చోటు కల్పించండి. తిరుపతిలోనో కర్నూలులోనో ఆ డైటీషియన్ ఉంటే, నెలనెలా బెంగళూరు రావడానికి బస్సు ఛార్జీలకే అప్పు చేసే కుటుంబాలకు ఆ బాధ తప్పుతుంది.

నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం. ఆ వారంలో మీ ఆరోగ్య పేజీని ఈ విషయానికి కేటాయించి, పిల్లల న్యూరాలజిస్టు ఒకరితోనూ ఈ చికిత్సలో అనుభవం ఉన్న డైటీషియన్ ఒకరితోనూ పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయించవలసిందిగా కోరుతున్నాను. ప్రశ్నలు పంపమని కొన్ని వారాల ముందే ప్రకటిస్తే పల్లెల నుంచి కూడా ఉత్తరాలు వస్తాయి. మేము డైటీషియన్‌తో కలిసి తయారు చేసుకున్న తెలుగు వంటల పట్టికను మీ కార్యాలయానికి పంపడానికి సిద్ధంగా ఉన్నాను. అయితే అందులోని తూకాలు మా పాప బరువుకు వేసినవి కాబట్టి, తూకాలు తీసేసి వంటల పేర్లు మాత్రమే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక తల్లి,
రామమూర్తినగర్, బెంగళూరు.